రామప్ప గుడికి అమ్మానాన్నలతో ఒక్కరోజు: ఎంతసేపు ఉండాలి, ఏం చూడాలి?

కాజీపేట_శ్రావణి
వచ్చే ఆదివారం అమ్మానాన్నలను రామప్ప తీసుకెళ్దామనుకుంటున్నాం. శనివారం రాత్రికి నిర్మల్ నుంచి మా ఇంటికి వస్తారు. నాన్న సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా పిల్లలకు కాకతీయుల పాఠం చెప్పారు గానీ ఆ గుడిని తీరిగ్గా చూసే అవకాశం ఆయనకు ఎప్పుడూ రాలేదు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు.

మా ఆయన వేసిన ప్లాన్ ఇది: పొద్దున వేయిస్తంభాల గుడి, తర్వాత ఖిలా వరంగల్, అక్కడి నుంచి రామప్ప, మధ్యాహ్నం లక్నవరం చెరువు, రాత్రికి ఇల్లు. నాకేమో టెన్షన్‌గా ఉంది. పోయినసారి ఆఫీసు వాళ్ళతో వెళ్ళినప్పుడు ఇలాగే జరిగింది. గైడ్ ఒకాయన ఒక శిల్పం మీద నాణెంతో కొట్టి సరిగమలు వినిపించాడు, ఇటుకలు నీళ్ళలో తేలుతాయని చెప్పాడు, ఒక ఫోటో తీశాడు, ఇక పదండి అన్నాడు. బస్సెక్కాక ఒకరినొకరు "ఏం చూశాం?" అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

నాన్నకు అలా కాకూడదు. గుడి దగ్గర ఎంతసేపు ఉండాలి? ముందు ఏం చూడాలి? అమ్మ ఆ మెట్లు ఎక్కగలదా? వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి.

బుల్లెట్_మహేశ్
అన్నీ అయిపోతాయి అక్కా. పొద్దున ఆరింటికి బయల్దేరితే చాలు. మేం ఫ్రెండ్స్‌తో ఈ రూట్ మొత్తం కొట్టేశాం, సాయంత్రం హన్మకొండలో చాయ్ కూడా తాగాం. హన్మకొండ నుంచి రామప్ప దాదాపు డెబ్బై కిలోమీటర్లు, రోడ్డు బాగుంటుంది.

పాలంపేట_పొరుగు
మహేశ్ తమ్మీ, బైకు మీద కుర్రాళ్ళు తిరిగే లెక్క వేరు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మను తీసుకెళ్ళే లెక్క వేరు.

శ్రావణి గారూ, మాది రామప్పకు దగ్గర ఊరే. నేను చెప్పేది ఒక్కటే, ఆ రోజు రామప్ప ఒక్కటే పెట్టుకోండి. వేయిస్తంభాల గుడి, ఖిలా మీ ఇంటి పక్కనే ఉన్నాయి, ఏ సాయంత్రమైనా వెళ్ళొచ్చు. రామప్పకు మళ్ళీ మళ్ళీ రావడం కుదరదు కదా. పొద్దున ఎనిమిదిలోపు చేరుకోండి. గుడి తూర్పు ముఖంగా ఉంటుంది. ఆ పూట ఎండ ఏటవాలుగా పడుతుంటే మదనికల (చూరు కింద వాలుగా నిలబడిన స్త్రీల బొమ్మలు) ముఖాలు, నగల మీది సన్నపని స్పష్టంగా కనిపిస్తాయి. పదకొండు దాటితే సూర్యుడు నెత్తి మీదికి వస్తాడు, చూరు నీడ పడి పైనున్న బొమ్మలు నల్లగా కలిసిపోతాయి. పైగా చెప్పులు విప్పి నడవాలి. మధ్యాహ్నం ఆ రాయి కాలుతుంది.

ఇంకో మాట. ఇప్పుడు మనం ఆవరణలోకి వచ్చేది పడమటి వైపు నుంచి. అసలు మహాద్వారం తూర్పున ఉండేది, అది శిథిలమైంది. అందుకే చాలామందికి ముందు గుడి వెనక భాగమే కనిపిస్తుంది, వెంటనే ఫోటోలు మొదలుపెట్టేస్తారు. మీరు ఆగకుండా పక్కనుంచి తూర్పు వైపుకు వెళ్ళిపోండి. నంది దగ్గర నిలబడి అక్కడి నుంచి మొదలుపెట్టండి.

టీచరమ్మ_జనగామ
నంది దగ్గర మొదలుపెట్టమన్నది బంగారం లాంటి సలహా. మెడలో గంటలు, మువ్వల పట్టీలు, ఒంటి మీద గొలుసులు ఎంత వివరంగా ఉంటాయో. ఇప్పుడే పిలిస్తే లేచేలా చెవులు రిక్కించి కూర్చుంటుంది. మా స్కూల్ పిల్లలు దాని ముందు నుంచి ఒక పట్టాన కదలరు.

సురేఖ_నర్స్
అమ్మగారి మోకాళ్ళ గురించి. గుడి కింద నక్షత్రం ఆకారంలో ఎత్తైన అరుగు ఉంటుంది. దాదాపు మనిషి ఎత్తు. మెట్లు కొన్నే గానీ ఒక్కో మెట్టు ఎత్తు ఎక్కువ, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఒక పక్క మీరు, ఒక పక్క మీ ఆయన పట్టుకుని నెమ్మదిగా ఎక్కించండి. ఎక్కాక ఇబ్బంది లేదు. మండపం చుట్టూ రాతి అరుగులు ఉన్నాయి, కూర్చుని చూడొచ్చు. మా అత్తమ్మ ఆ అరుగు మీద కూర్చునే అన్ని స్తంభాలూ చూసింది. దిగేటప్పుడే ఎక్కువ జాగ్రత్త. మందపాటి సాక్సులు తెచ్చుకోండి, ఎండకూ పనికొస్తాయి, చలికీ పనికొస్తాయి.

కాజీపేట_శ్రావణి
సాక్సుల సంగతి తట్టనే లేదు సురేఖ గారూ, తప్పకుండా తెస్తాను. పాలంపేట_పొరుగు గారి పోస్టు మా ఆయనకు చూపించాను. "లక్నవరం కూడా తీసేస్తే ఎట్లా" అంటున్నారు.

రాళ్ళ_ప్రేమికుడు
గుడి దగ్గర ఏం చూడాలో నాకు తోచిన వరుసలో చెప్తాను. కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి, మీ నాన్నగారికి పనికొస్తుంది.

ముందు రాయిని చూడండి. గుడి మొత్తం ఒకే రాయితో కట్టలేదు. బయటి గోడలు ఎర్రటి ఇసుకరాయి. స్తంభాలు, దూలాలు, మదనికలు నల్లటి గట్టిరాయి, డోలరైట్ అంటారు. పైన శిఖరం ఇటుక. ఏ రాయితో ఏ పని చేయాలో కట్టిన వాళ్ళకు బాగా తెలుసు. ఇసుకరాయి మెత్తన, ఎండకూ వానకూ అరుగుతుంది, గోడల మీది బొమ్మల్లో ఆ అరుగుదల మీకే కనిపిస్తుంది. నల్లరాయి మాత్రం ఉలికి లొంగడం కష్టం, లొంగిందంటే ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా మొన్న చెక్కినట్టే ఉంటుంది. లోపలి స్తంభాల మీద చెయ్యి పెట్టకుండా మొహం దగ్గరగా పెట్టి చూడండి, ఆ నునుపులో మీ నీడ కనిపిస్తుంది.

తర్వాత గోడ కింది భాగం. గుడి చుట్టూ ఏనుగుల వరుస ఉంటుంది. అన్నీ ఒకేలా ఉన్నాయనిపిస్తుంది, దగ్గరగా చూస్తే ఒకదాని తొండం ఒకలా ఉంటుంది, ఇంకోదాని నడక ఇంకోలా ఉంటుంది. ఒక్క ప్రదక్షిణ దానికే ఇవ్వండి.

అప్పుడు తలెత్తి మదనికలను చూడండి. మూడు గుమ్మాల దగ్గరా స్తంభం నుంచి చూరు వరకు వాలుగా నిలబడిన పన్నెండు బొమ్మలు. వాటికి పేరొస్తే వచ్చింది గానీ, మిగతా చోట్ల ఏనుగు మీద సింహం ఉన్న గజకేసరి బొమ్మలనూ వదలకండి. మదనికల్లో ఒకామె ఒంటికి పాము చుట్టుకుని ఉంటుంది, నాగిని అంటారు. ఒకామె కాల్లో ముల్లు తీయించుకుంటోంది. ఒకామె చీర కోతి లాగుతోంది. చూరుకు ఊతంగా పెట్టినట్టు కనిపిస్తాయి గానీ నిజానికి అవి బరువు మొయ్యవు, అందం కోసమే పెట్టారు. అంత సన్నటి నడుముతో అంత గట్టి రాయిని నిలబెట్టిన శిల్పి ధైర్యం గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

చివరగా రంగమండపం. నాలుగు నల్ల స్తంభాల మధ్య నృత్యానికి వేదిక. దాని పైన దూలాల మీద క్షీరసాగర మథనం, త్రిపుర సంహారం, గజాసుర సంహారం కథలున్నాయి. మెడ నొప్పి పుడుతుంది. కాసేపు అరుగు మీద కూర్చుని, మళ్ళీ లేచి చూడండి.

గంటన్నర కనీసం. రెండు గంటలైతే మంచిది. మీ నాన్నగారు సోషల్ టీచర్ అంటున్నారు కాబట్టి మూడు పెట్టుకోండి.

లావణ్య_కొత్తకోడలు
హైహీల్స్ వేసుకున్న బొమ్మను మర్చిపోయారు! మా అత్తగారు దాన్ని చూసి "అప్పుడే ఉన్నాయంట, ఇప్పుడు నువ్వు వేసుకుంటే తప్పేముంది" అన్నారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆ గొడవ లేదు. రామప్ప దేవుడికి దండం.

బుల్లెట్_మహేశ్
లావణ్య అక్కా 😀 మా చెల్లికి ఫార్వర్డ్ చేశాను.

వెంకటాపురం_ఆటో
సరిగమల శిల్పం దగ్గరికి వద్దాం. గర్భగుడి గుమ్మం పక్కన చెట్టు మీద కృష్ణుడు, కింద గోపికలు ఉన్న శిల్పం అది. దాని మీద కొడితే స్వరాలు వస్తాయి. అది గుడి గొప్పతనమే కదా. వచ్చిన వాళ్ళకు అది వినిపించకుండా పంపిస్తే వాళ్ళు ఏం గుర్తుపెట్టుకుంటారు? మా దగ్గరికి వచ్చే వాళ్ళలో సగం మంది అడిగేదే అది. గట్టిగా ఏం కొట్టరు, వేలితో మీటుతారు అంతే.

టీచరమ్మ_జనగామ
వేలితో మీటితే ఎవరూ ఏమీ అనరు బాబూ. శ్రావణి గారు రాసింది నాణెంతో కొట్టారని. ఆదివారం ఎంతమంది వస్తారు? అందరూ అదే చోట కొడితే? కార్తీక మాసంలో, శివరాత్రికి ఎన్ని వేల మంది? గుడి మనకంటే ముందు నుంచి ఉంది, మన తర్వాత కూడా ఉండాలి. నేను పిల్లలను తీసుకెళ్ళినప్పుడు మొదటి మాట అదే చెప్తాను, చేతులు వెనక్కి కట్టుకోండి, కళ్ళు ముందుకు పెట్టండి అని.

వెంకటాపురం_ఆటో
నాణెం తప్పే మేడం, అది నేనూ ఒప్పుకోను. మా వాళ్ళకూ చెప్తున్నాం. కానీ గైడ్ల మీద మొత్తం నింద వేయకండి. కొందరు నిజంగా బాగా చెప్తారు. ముందే అడగండి: "అన్నా, మాకు రెండు గంటలు టైముంది, నిదానంగా చెప్పు" అని. అలా అడిగిన వాళ్ళకు చెప్పడం మాకూ ఇష్టమే. వచ్చీ రాగానే "ఎంతసేపట్లో అవుతుంది?" అని అడిగే వాళ్ళే ఎక్కువ.

పాలంపేట_పొరుగు
ఇది నిజం. తొందర చూసేవాడిదే, చూపించేవాడిది కాదు.

రాళ్ళ_ప్రేమికుడు
పూర్తిగా ఒప్పుకోలేను. రెండు వైపులా ఉంది. కానీ వేలితో కూడా వద్దనే నేనంటాను. చేతి చెమట, నూనె నల్లరాయికి పట్టి మచ్చ కడుతుంది. ఎక్కడెక్కడ ముట్టుకుంటున్నారో ఆ నిగనిగలాడే మచ్చలను బట్టే తెలిసిపోతోంది. స్వరాలు వినాలంటే ఆన్‌లైన్‌లో వీడియోలు బోలెడున్నాయి.

కరీంనగర్_ఇంజనీర్
ఇటుకల సంగతి కూడా కొంచెం సరిగ్గా మాట్లాడుకుందాం. "మాయ ఇటుకలు" అని ఎవరో మొదలుపెట్టారు. మాయ లేదు. ఇటుక లోపలంతా సన్నటి గాలి రంధ్రాలు ఉంటాయి. అందుకే నీటి కంటే తేలిక, తేలుతుంది. ఇక్కడ నాకు నచ్చేది ఆలోచన. కింద ఇంత బరువైన రాతి గుడి, దాని మీద రాతి శిఖరమే పెడితే గోడల మీద, పునాది మీద భారం ఎంతో పెరుగుతుంది. అందుకని పైకి వెళ్ళేకొద్దీ బరువు తగ్గించారు. ఇప్పుడు మేం అపార్ట్‌మెంట్లలో తేలిక బ్లాకులు వాడేది కూడా ఇదే కారణంతో.

పునాది ఇంకా ఆశ్చర్యం. రాతి మీద కాకుండా, తవ్విన గోతిలో ఇసుక నింపి దాని మీద కట్టారు. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం విప్పినప్పుడు కూడా అడుగున ఇసుకే కనిపించింది. నేల కదిలితే ఆ కదలికను ఇసుక కొంత తనలో ఇముడ్చుకుంటుంది. ఇసుకలో తేమ ఉండటం ముఖ్యం, ఎండి జారిపోతే కష్టం. రామప్పలో లోపలి నేల కొన్నిచోట్ల ఎగుడుదిగుడుగా ఉంటుంది, చూడండి. అంత కుంగినా గుడి నిలబడే ఉంది.

సింగరేణి_శంకర్
ఇసుక మీద కట్టి ఎనిమిది వందల ఏళ్ళా! మా కాలనీలో సిమెంటు వేసి కట్టిన ప్రహరీ రెండు వానాకాలాలు ఆగలేదు.

కరీంనగర్_ఇంజనీర్
సింగరేణి_శంకర్ అన్నా, ప్రహరీ కట్టిన వాడిని ఒకసారి రామప్పకు టూర్ తీసుకెళ్ళు.

శాసనాల_సూరి
ఒక మనవి. గుడి దగ్గర ఇటుక ముక్కలు ఏవైనా కనిపిస్తే "తేలుతుందో లేదో చూద్దాం" అని ఇంటికి తెచ్చుకోకండి, దయచేసి. ఇది రక్షిత కట్టడం.

ఇక శ్రావణి గారి నాన్నగారి కోసం. ఆవరణలో ఒక చిన్న మండపంలో నల్లరాతి శాసనం ఉంటుంది. అందరూ దాన్ని దాటుకుని వెళ్ళిపోతారు. గుడి ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు అన్నది మనకు తెలిసింది దాని వల్లే. క్రీ.శ. 1213, శక సంవత్సరం 1135. కట్టించింది రేచర్ల రుద్రుడు, గణపతిదేవుని సేనాని. దేవుడి పేరు రుద్రేశ్వరుడు. భాష సంస్కృతం, లిపి పాత తెలుగు లిపి. నాన్నగారు ఓపికగా చూస్తే కొన్ని అక్షరాలు పోల్చుకోగలరు. పాఠంలో చెప్పిన గణపతిదేవుని పేరు రాతి మీద చదవడం ఒక టీచర్‌కు ఎలా ఉంటుందో ఊహించగలను.

లావణ్య_కొత్తకోడలు
మరి రామప్ప ఎవరు? కట్టించింది రుద్రుడైతే గుడికి ఆ పేరు ఎందుకొచ్చింది?

శాసనాల_సూరి
శిల్పి పేరని జనం చెప్పుకుంటారు. శాసనంలో ఆ పేరు లేదు. అయినా నాకు ఆ మాట ఇష్టం. దేశంలో ఎన్నో గుళ్ళు రాజుల పేర్లతో, దేవుళ్ళ పేర్లతో ఉన్నాయి. ఇక్కడ ఊరు ఊరంతా తరాలుగా గుడిని, చెరువును పని చేసినవాడి పేరుతో పిలుచుకుంటోంది.

బుల్లెట్_మహేశ్
మార్కోపోలో వచ్చి "గుళ్ళలో ఇదే మెరిసే నక్షత్రం" అన్నాడంట కదా. అది కూడా చెప్పండి నాన్నగారికి.

శాసనాల_సూరి
అది చెప్పకండి. మార్కోపోలో రాతల్లో మోటుపల్లి రాజ్యం, దాన్ని ఏలిన రాణి, వజ్రాలు, సన్నటి బట్టలు ఉన్నాయి. రామప్ప గుడి లేదు. ఎవరో రాసిన వాక్యాన్ని ఆయన నోట పెట్టారు, అది బోర్డుల దాకా వెళ్ళింది. గుడికి ఆ సర్టిఫికెట్ అవసరం కూడా లేదు. కావాలంటే గులాం యాజ్దానీ పేరు చెప్పండి. నిజాం కాలంలో హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖ తొలి డైరెక్టర్. రామప్ప గుడి ఉన్న ఊరు పాలంపేటే కదా, ఆ పాలంపేట గుళ్ళ మీద 1922లోనే ఆయన పుస్తకం వచ్చింది. ఆ రోజుల్లో అడవి దారిలో వెళ్ళి గుడిని కొలిచి, బొమ్మ బొమ్మనూ రాసి పెట్టారు.

బుల్లెట్_మహేశ్
సరే సూరి సార్, ఇకనుంచి ఆయన పేరే చెప్తా. కానీ యునెస్కో అయితే నిజమే కదా?

శాసనాల_సూరి
నిజమే. 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తెలంగాణలో అదే మొదటిది.

పేరిణి_ప్రవల్లిక
డాన్స్ నేర్చుకునే వాళ్ళకు ఆ గుడి గురువు లాంటిది. గణపతిదేవుని దగ్గర గజసైన్యాధిపతి జాయప సేనాని నృత్తరత్నావళి రాశాడు, అదీ పదమూడో శతాబ్దమే. నటరాజ రామకృష్ణ గారు పేరిణి నృత్యాన్ని మళ్ళీ బతికించినప్పుడు ఆ గ్రంథాన్ని, రామప్ప శిల్పాలను పక్కపక్కన పెట్టుకుని పని చేశారు. స్తంభాల మీద నాట్యగత్తెలు, పక్కన మద్దెల వాళ్ళు ఉన్నారే, వాళ్ళ మోకాలి వంపు, నడుము తిప్పు, మడమ ఎత్తు చూడండి. మా గురువుగారు క్లాసులో "అరమండి దిగు" అని, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడమని, ఒకటికి పదిసార్లు అంటారు. ఆ స్తంభం ముందు నిలబడితే ఎంత దిగాలో అర్థమైంది నాకు.

శ్రావణి అక్కా, రంగమండపంలో కాసేపు ఎవరూ మాట్లాడకుండా కూర్చోండి. జనం లేని పొద్దుటి పూట అయితేనే కుదురుతుంది. అందుకే నేనూ ఎనిమిదిలోపే అంటాను.

ములుగు_మనోహర్
ఎవరూ తిండి సంగతి చెప్పలేదు. టిఫిన్ ములుగులో చేసెయ్యండి, బస్టాండ్ దగ్గర పొద్దున్నే వేడిగా దొరుకుతుంది. గుడి దగ్గర చిన్న కొట్లు ఉంటాయి, మంచినీళ్ళు, బిస్కెట్లు, జామకాయలు. భోజనానికి చెరువు వైపు టూరిజం వాళ్ళ హరిత హోటల్ ఉంది. లేదంటే పులిహోర, దద్దోజనం కట్టుకెళ్ళి చెరువు కట్ట దగ్గర చెట్ల కింద తినండి. కోతులున్నాయి, సంచి నేల మీద పెట్టొద్దు. తిన్న ఆకులు, ప్లేట్లు వెనక్కి తెచ్చేయండి.

పాలంపేట_పొరుగు
చెరువు మాట వచ్చింది కాబట్టి. గుడి చూసి చెరువు చూడకుండా పోయే వాళ్ళను చూస్తే బాధేస్తుంది. రెండూ ఒక్క కాలం పనులే. రెండు గుట్టల నడుమ కట్ట పోసి నీళ్ళు ఆపారు. ఆ నీళ్ళతో మా నాయన వరి పండించాడు, ఇప్పుడు మేమూ పండిస్తున్నాం. వానాకాలంలో నిండి మత్తడి దుంకుతుంటే ఊళ్ళన్నీ చూడటానికి వస్తాయి. కాకతీయుల పాఠం చెప్పిన సారు గారికి గుడి ఎంత ముఖ్యమో ఈ కట్ట అంత ముఖ్యం. గుడికి వచ్చే ఆదాయం, ఊరికి వచ్చే తిండి, రెండూ ఈ చెరువు మీదే నడిచాయి. కారు కట్ట దాకా వెళ్తుంది, అమ్మగారు నడవక్కర్లేదు.

కాజీపేట_శ్రావణి
నాన్నకు ఈ పోస్టులన్నీ ఫోన్లో చదివి వినిపించాను. చెరువు గురించి విన్నాక ఆయనే "లక్నవరం వద్దమ్మా, ఈ చెరువు దగ్గర కూర్చుందాం" అన్నారు. మామగారు అలా అన్నాక మా ఆయన ఇంకేమంటారు. లక్నవరం తీసేశాం.

సింగరేణి_శంకర్
మీ ఆయనకు మా సానుభూతి. కానీ లక్నవరం బదులు గణపురం కోటగుళ్ళు పెట్టండి, నా మాట వినండి. రామప్ప నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు ఉంటుందేమో. జనం ఉండరు.

రాళ్ళ_ప్రేమికుడు
శంకర్ గారి మాటకు నా ఓటు. గణపేశ్వరాలయం అంటారు. గణపతిదేవుని కాలం నాటిదే. ప్రాకారం లోపల పెద్ద గుడి చుట్టూ చిన్న చిన్న గుళ్ళు, మొత్తం 22 అని చెప్తారు. చాలావరకు పడిపోయాయి, రాళ్ళు గడ్డిలో ఉన్నాయి. రామప్పలో పూర్తి గుడిని చూసిన కళ్ళతో ఇక్కడికి వస్తే, పడిపోయిన గుడి లోపల ఏముంటుందో, ఏ రాయి ఏ రాయి మీద ఎలా కూర్చుంటుందో తెలుస్తుంది. ఇక్కడ చూరు కింద మనిషి తల, సింహం ఒళ్ళు కలిసిన వింత బొమ్మలున్నాయి, అవి రామప్పలో కనిపించవు.

సురేఖ_నర్స్
అమ్మగారికి ఓపిక ఉంటేనే. రామప్పలో మెట్లు దిగాక మోకాళ్ళు ఎలా ఉన్నాయో అడిగి, అప్పుడు నిర్ణయించండి. ఆమె "పర్లేదు" అంటారు, అమ్మలందరూ అదే అంటారు. మొహం చూడండి.

హన్మకొండ_పాతకాపు
రామప్ప ఆవరణలో కామేశ్వరాలయం చూసి మనసు చివుక్కుమంటుంది, నాన్నగారికి ముందే చెప్పండి. తిరిగి కట్టడానికని విప్పి ఏళ్ళు గడిచాయి. పునాది మీద కూర్చోవాల్సిన రాళ్ళను పక్కన వరుసగా పేర్చి ఉంచడం చూశాను. నా చిన్నప్పుడు ఒరిగిపోయినా గుడిగా నిలబడి ఉండేది. ఎందుకింత ఆలస్యమో నాకు అర్థం కాదు.

కరీంనగర్_ఇంజనీర్
మీ బాధ నిజమే కానీ తొందరపడితే ఇంకా నష్టం అన్నా. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపానికీ ఇలాగే ఏళ్ళు పట్టింది. రాయి రాయికీ నంబరు వేయాలి, పగిలిన దానికి అదే రకం రాయి వెతకాలి, ఆ పని చేసే స్థపతులు దొరకాలి. చివరికి 2024 మార్చిలో శివరాత్రి రోజున తెరిచారు. ఇప్పుడు వెళ్ళి చూడండి, ఎంత బాగా నిలబెట్టారో.

హన్మకొండ_పాతకాపు
చూశాను. బాగుంది, కాదనను. కానీ అది పూర్తయ్యే లోపు మా పిల్లలు అది లేకుండానే పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళకు ఆ మండపం అంటే రేకుల కంచె గుర్తొస్తుంది. ఒక తరం చూడకుండా పోవడం కూడా నష్టమే అని నేనంటాను. పని జాగ్రత్తగా జరగాలి, కానీ ఆగకుండా జరగాలి.

టీచరమ్మ_జనగామ
పాతకాపు గారి మాటే నాదీ. అక్కడ ఒక బోర్డు పెట్టి, ఏ పని జరుగుతోంది, ఎందుకు ఇంత టైము పడుతోంది అని తెలుగులో రాస్తే సగం బాధ తగ్గుతుంది. పిల్లలు అడిగితే మా దగ్గర జవాబు ఉండదు.

రమ్య_హుజూరాబాద్
కారు లేని వాళ్ళం ఎలా వెళ్ళాలి? మేం ఆడవాళ్ళం నలుగురం.

ములుగు_మనోహర్
హన్మకొండ బస్టాండ్ నుంచి ములుగు బస్సులు పొద్దున్నుంచి ఉంటాయి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆధార్ చూపిస్తే మీకు ఉచితం. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర రామప్ప దారి చీలుతుంది. ములుగులోనే దిగి వెంకటాపురం వైపు బస్సో ఆటోనో మాట్లాడుకోవడం మేలు. ఆటో అయితే రానూ పోనూ, ఆగే టైముతో కలిపి ముందే ధర మాట్లాడండి.

వెంకటాపురం_ఆటో
మనోహర్ అన్న కరెక్ట్‌గా చెప్పాడు. సాయంత్రం చీకటి పడేదాకా ఉండకండి, తిరుగు బస్సులు తగ్గిపోతాయి.

బుల్లెట్_మహేశ్
మేడారం జాతర ఉన్న ఏడాది అయితే ఆ రోజుల్లో ఈ రోడ్డు వైపే రాకండి. ములుగు నుంచే బండ్లు బారులు తీరుతాయి.

పేరిణి_ప్రవల్లిక
శివరాత్రికి వెళ్తే ఎలా ఉంటుంది? మా టీచర్ వాళ్ళు వెళ్దామంటున్నారు.

పాలంపేట_పొరుగు
దేవుణ్ణి చూడటానికైతే శివరాత్రికి రామ్మా, ఆ సందడే వేరు, ఊళ్ళన్నీ కదిలొస్తాయి. శిల్పం చూడటానికైతే మామూలు రోజు, అదీ పని దినం రండి. ఇక్కడ పూజ జరుగుతుందన్నది చాలామంది మర్చిపోతారు. గర్భగుడిలో స్వామికి రోజూ దీపం పెడతారు. కెమెరాతో గుమ్మానికి అడ్డంగా నిలబడి, దండం పెట్టుకోవడానికి వచ్చిన ముసలివాళ్ళను ఆగమంటారు కొందరు. అది చూస్తే మాకు కోపమొస్తుంది. వాళ్ళు వెళ్ళేదాకా రెండు నిమిషాలు పక్కకు జరగండి చాలు.

లావణ్య_కొత్తకోడలు
ఫోటోల గురించి ఒక్క చిట్కా. మదనికల కింద నిలబడి సెల్ఫీ తీస్తే మీ గడ్డం, వాళ్ళ పాదాలే వస్తాయి. అరుగు దిగి, కింద గడ్డి మీద కొంచెం దూరం నుంచి జూమ్ చేయండి.

కరీంనగర్_ఇంజనీర్
మాలాగా కరీంనగర్ నుంచి వచ్చే వాళ్ళు హన్మకొండ దాకా వెళ్ళక్కర్లేదు. హుజూరాబాద్, పరకాల, రేగొండ మీదుగా గణపురం వచ్చి, ముందు కోటగుళ్ళు చూసుకుని రామప్ప వెళ్ళొచ్చు. రమ్య గారూ, మీ నలుగురూ ఎలాగూ ఆటో మాట్లాడుకుంటున్నారు కాబట్టి హుజూరాబాద్ నుంచే ఒక కారు మాట్లాడుకుంటే ఖర్చులో పెద్ద తేడా రాదు, రెండు గుళ్ళూ అవుతాయి.

రమ్య_హుజూరాబాద్
అదే నయం అనిపిస్తోంది. పరకాల దాటాక రోడ్డు ఎలా ఉంది? వానలకు ఏమైనా పాడైందా?

సింగరేణి_శంకర్
మొన్న డ్యూటీకి వస్తూ చూశాను, భూపాలపల్లి రోడ్డు బాగానే ఉంది. బొగ్గు లారీలు ఎక్కువ, డ్రైవర్‌ను ఓవర్‌టేక్ చేయొద్దని చెప్పండి. గణపురం వైపు తిరిగాక దారి చిన్నది, పొద్దున పూట గొర్రెల మందలు అడ్డొస్తాయి.

రమ్య_హుజూరాబాద్
సరే అన్నా. కారు మాట్లాడేశాం, బుధవారం వెళ్తున్నాం. సాక్సులు నాలుగు జతలు, పులిహోర మా అక్క బాధ్యత.